పద్నాలుగో సవరణ, షూటింగు భోజనం

అమెరికా రాజ్యాంగాన్ని నేను జూబ్లీహిల్స్‌లో ఒక బంగళా మేడమీద, విలన్ల పడకగదిలో కూర్చుని చదువుకున్నాను. ఇది నా కల్పన కాదు. ఆ బంగళాను ఏళ్ళ తరబడి షూటింగులకు కిరాయికి ఇచ్చేవారు. హాల్లోంచి పైకి మెలికలు తిరిగిన పెద్ద మెట్లు ఉండేవి. వాటి మీంచి పట్టు లాల్చీలతో జమీందార్లు, ఉత్తరాలు పట్టుకుని కథానాయికలు, చేతులు వెనక్కి కట్టుకుని పోలీసు కమిషనర్లు లెక్కలేనన్నిసార్లు దిగివచ్చారు. ఊరు ఊరంతా కంప్యూటర్ పిచ్చిలో పడ్డాక యజమాని మేడను ఒక ఆఫీసుకు ఇచ్చి, కింది హాలునూ తోటనూ షూటింగులకే ఉంచుకున్నాడు. రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాడు నీళ్ళలో పడతాడంటారు గానీ ఆయన పడలేదు, మరో బంగళా కట్టుకున్నాడు.

మా ఆఫీసు పని అమెరికా బడి పిల్లలకు కంప్యూటర్లో పాఠాలు, ప్రశ్నలు తయారుచేయడం. లెక్కలు, సైన్సు రాయడానికి ఇంజనీర్లు దండిగా ఉన్నారు. 'అమెరికన్ గవర్నమెంట్' అనే సబ్జెక్టుకు మాత్రం మనిషి దొరకలేదు. నేను రాజనీతి శాస్త్రంలో ఎమ్మే చేసి, రెండేళ్ళుగా గ్రూపు పరీక్షల దరఖాస్తులు నింపుతూ ఉన్నాను. ఇంటర్వ్యూలో మేనేజరు అడిగింది ఒక్కటే, అమెరికా గవర్నమెంటు వచ్చా అని. వచ్చన్నాను. నిజమో కాదో తేల్చే తాహతు ఆయనకూ లేదు, నాకూ లేదు. ఉద్యోగం వచ్చింది.

మేనేజరు కోస్తా మనిషి, మర్యాదస్తుడు, ఏదైనా సంఖ్యలోనే ఆలోచించేవాడు. మొదటి రోజే రాజ్యాంగ సవరణలు మొత్తం ఎన్నని అడిగాడు. ఇరవై ఏడు అన్నాను. రెండొందల ఏళ్ళు దాటినా ఇరవై ఏడేనా అని చిన్నబుచ్చుకున్నాడు. మన రాజ్యాంగానికి యాభై ఏళ్ళకే ఎనభై దాటాయని చెబితే ముఖం వికసించింది. ఆ ప్రాజెక్టు ఎవరిస్తారో వాకబు చేస్తానని నోట్‌బుక్కులో రాసుకున్నాడు.

ప్రతి ప్రశ్నకూ నాలుగు జవాబులు రాయాలి. ఒకటి ఒప్పు, మూడు తప్పు. తప్పు జవాబులు చూడ్డానికి ఒప్పులాగే ఉండాలి. ఒప్పు రాయడం ఎవరైనా రాస్తారు, నమ్మదగ్గ తప్పు రాయడానికే నాకు జీతం. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అంటారు కదా, ముక్కూ మొహం తెలియని పదహారేళ్ళ అమెరికా పిల్లలు రోజుకు ముప్పై ప్రశ్నల చొప్పున నాకు లోకువయ్యారు. అంతకు ముందు నాకు లోకువైన వాళ్ళెవరూ లేరు. ఆ అలవాటు త్వరగానే ఒంటబట్టింది.

సాయంత్రం కృష్ణానగర్‌లో మా రెండు గదుల ఇంటికి దిగిపోయేదాన్ని. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అమ్మ జూనియర్ ఆర్టిస్టు. సినిమాల్లో పెళ్ళి జరిగితే ఆ పెళ్ళికి వచ్చినవాళ్ళు, సంత జరిగితే బేరమాడేవాళ్ళు, పెద్దమనిషి చస్తే ఏడ్చేవాళ్ళు ఉంటారు చూడండి, వాళ్ళలో ఒకావిడ మా అమ్మ. ముందు వరసలో ముఖ్యమైనవాళ్ళు మాట్లాడుకుంటుంటే వెనక వీళ్ళు కూడా మాట్లాడుకుంటున్నట్టు పెదవులు ఆడించాలి, కానీ చిన్న చప్పుడు కూడా రాకూడదు. ఇది అనుకున్నంత తేలిక కాదు. కొత్తవాళ్ళు నోరు తెరిస్తే గొంతు కూడా వచ్చేస్తుంది, తిట్లు పడతాయి. అమ్మకు ఇరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా గొంతు జారలేదు.

అమ్మ నల్లగా ఉంటుంది, అందుకని ఎప్పుడూ మూడో వరస. పౌరహక్కుల పాఠం రాస్తున్న రోజుల్లో, అక్కడ బస్సుల్లో ముందు సీట్లు తెల్లవాళ్ళకూ వెనక సీట్లు నల్లవాళ్ళకూ ఉండేవట అని చెప్పాను. అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది.

"దానికి అమెరికా దాక ఎందుకు బిడ్డా, మా ఏజెంటును అడిగినా చెప్తడు," అంది.

ఏజెంటంటే జూనియర్ ఆర్టిస్టులను షూటింగులకు తీసుకెళ్ళేవాడు. సినిమా కంపెనీ వాళ్ళు ఆయనకు పేర్లు చెప్పరు. పాతికమంది ఆడవాళ్ళు, పదిమంది రిచ్ అని చెబుతారు. రిచ్ అంటే డబ్బున్నవాళ్ళు కాదు, తెల్లగా ఉన్నవాళ్ళు. వాళ్ళదీ మా సందే.

అమ్మ రోజూ ఈ రోజు ఏ సవరణ రాశావని అడిగేది. ఏడో తరగతి చదివింది, కానీ పాయింటు పట్టుకునేది. యజమాని ఒప్పుకోకుండా సైనికులను ఇళ్ళల్లో దింపకూడదని మూడో సవరణ చెబుతుందంటే, ఆ సైనికులకు చాయ్ ఎవరు పెట్టేదని అడిగింది. పద్దెనిమిదో సవరణతో దేశమంతా సారా బందు చేసి, ఇరవై ఒకటో సవరణతో మళ్ళీ తెరిచారంటే, మన దగ్గర చూసి నేర్చుకున్నారా అంది. వాళ్ళే ముందని చెప్పినా పూర్తిగా నమ్మలేదు. పదిహేనో సవరణతో నల్లజాతి మగవాళ్ళకు కాగితం మీదైనా ఓటు వచ్చింది, ఆడవాళ్ళకు పంతొమ్మిదో సవరణ దాకా, అంటే ఇంకో యాభై ఏళ్ళ దాకా రాలేదని చెప్పినప్పుడు మాత్రం చేతిలో పని ఆపింది.

"అందాక ఆడోళ్ళు ఏం జేసిన్రు?"

"అడిగిన్రు."

"యాభై ఏండ్లా?"

అంతకన్నా ఎక్కువే అన్నాను. ఓపికగల్లోళ్ళు అని మళ్ళీ పనిలో పడింది.

షూటింగులో మధ్యాహ్న భోజనం సంగతి నాకు చిన్నప్పటినుంచీ తెలుసు. వంట ఒక్కటే, తినేది మూడు చోట్ల. ఆర్టిస్టులకు షామియానా కింద కుర్చీలు, బల్లలు, వడ్డించేవాళ్ళు. టెక్నీషియన్లకు పక్కన వరసగా పెట్టిన గిన్నెలు, ఎవరికి వారే వడ్డించుకోవాలి. జూనియర్ ఆర్టిస్టులకు ప్రహరీ గోడ దగ్గర లైను, చేతికొక పొట్లం, గోడ నీడ ఎంత ఉంటే అంతలో కూర్చోవడం. సాంబారు అందరికీ ఒకటేనని అమ్మ చెప్పేది. ఫిర్యాదుగా చెప్పేది కాదు, సాంబారు గురించి చెప్పేది.

ఆ వారం నేను పద్నాలుగో సవరణ రాస్తున్నాను. చట్టం ముందు అందరికీ సమాన రక్షణ ఇచ్చే సవరణ అది. అది ఉండగానే అమెరికాలో 'విడివిడిగా, కానీ సమానంగా' అనే మాట పుట్టింది. రైలు పెట్టె నీకొకటి, నాకొకటి, రెండూ బాగానే ఉన్నాయి కదా అన్న వాదం. పెద్ద కోర్టు దాన్ని ఒప్పుకుని, యాభై ఏళ్ళు దాటాక కాదంది. అది చదువుతుంటే నాకు సాంబారు గుర్తొచ్చింది. అమ్మ మూడో వరసనూ గోడ దగ్గర లైనునూ కలిపేసి వెంటనే ఒక ప్రశ్న రాశాను. ఒక పనిచోట తెల్లగా ఉన్నవారికి కుర్చీలు, నల్లగా ఉన్నవారికి గోడ దగ్గర పొట్లాలు ఇస్తారు, తిండి మాత్రం ఒకటే. ఇది ఏ సవరణకు విరుద్ధం? జవాబు పద్నాలుగు అని గుర్తుపెట్టి అమెరికాకు పంపేశాను. ఆ ఆఫీసులో నేను రాసిన వేల ప్రశ్నల్లో నాకు నచ్చింది అదొక్కటే.

ఆ తర్వాతి వారం అమ్మకు డైలాగు వచ్చింది.

చాలా ఏళ్ళుగా అమ్మను వెనక వరసలో చూస్తున్న ఒక కో-డైరెక్టరు ఎందుకో ఈసారి ముందుకు పిలిచి, పనిమనిషి వేషం ఇచ్చాడు. "అమ్మగారూ, అయ్యగారొచ్చేశారండీ." అంతే డైలాగు. షూటింగు మా ఆఫీసు బంగళాలోనే, మేము మేడమీద ప్రశ్నలు రాసుకుంటూ ఉండగా కింద హాల్లో. డైలాగు చెప్పిన మనిషి పేరు కో-డైరెక్టర్లు తమ పుస్తకంలో రాసుకుంటారు. ఆ తర్వాత చిన్న వేషం ఉంటే ఏజెంటుతో పాతికమంది అని చెప్పరు, పేరు చెప్పి కబురు పెడతారు. అమ్మకు కావలసింది అది. నలభై ఆరేళ్ళ వయసులో, తన పేరు అడిగి ఎవరైనా గుమ్మంలోకి రావాలి.

నాలుగు రోజులు మా ఇంట్లో అయ్యగారు వస్తూనే ఉన్నారు. బియ్యం కడుగుతూ వచ్చేశారు, బట్టలు ఆరేస్తూ వచ్చేశారు. పక్క వాటాలో ఒక డాన్సు మాస్టరు అసిస్టెంటు ఉండేవాడు, ఆయన కూడా పళ్ళు తోముకుంటూ అయ్యగారొచ్చేశారా అని అడగడం మొదలుపెట్టాడు. ఇరవై ఏళ్ళు గొంతు నొక్కిపెట్టుకున్న మనిషికి గొంతు తెచ్చుకోవడం కష్టమని నాకప్పుడే తెలిసింది. మొదటి రోజు పెదవులు మాత్రమే ఆడాయి. ఏమన్నావో వినబడలేదమ్మా అంటే, అలవాటు తప్పింది బిడ్డా అని నవ్వింది.

షూటింగు రోజు పొద్దున అమ్మ నాతో ఒక్క మాట చెప్పింది. "నువ్వు కిందికి రాకు. నువ్వు చూస్తుంటె నాకు నోరు రాదు." రానన్నాను.

పొద్దుటి పని పెద్దవాళ్ళ మీద సాగింది. అమ్మ షాటు భోజనాల తర్వాత. ఒంటిగంటకు కిటికీలోంచి తొంగిచూశాను. తోటలో షామియానా వేశారు, కుర్చీలు వేశారు. గోడ దగ్గర లైను ఉంది. ఆ లైనులో, పనిమనిషి వేషం కోసం ఇచ్చిన ఆకుపచ్చ నేత చీర కట్టుకుని, కొంగు మురికి కాకుండా చేత్తో ఎత్తిపట్టుకుని అమ్మ నిలబడి ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. డైలాగు ఉన్న మనిషి ఆర్టిస్టు కాదా? ఆర్టిస్టులకు కుర్చీలు కదా? అప్పటికి పద్నాలుగో సవరణ నా నరాల్లో పారుతోంది. మెడలో ఐడీ కార్డు వేళ్ళాడుతూ ఉండగా ఆ పెద్ద మెట్ల మీంచి దిగిపోయాను.

"నీకు డైలాగున్నది. నువ్వు ఆర్టిస్టువు. రా," అన్నాను అమ్మ చెయ్యి పట్టుకుని.

"వద్దు బిడ్డా," అంది అమ్మ చాలా మెల్లిగా. మొహమాటం అనుకున్నాను. ఎదుటి మనిషి వద్దంటే మొహమాటం అనుకోవడం చదువుకున్నవాళ్ళకు వచ్చే జబ్బు. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి షామియానా కింద కుర్చీలో కూర్చోబెట్టాను.

ప్రొడక్షన్ మేనేజరు వచ్చాడు. ఎవరికి ఏ వాహనం, ఎవరికి ఏ భోజనం అన్నీ చూసుకునే మనిషి. కసురుతాడని ఎదురుచూశాను, కసరలేదు. ఇవి ఆర్టిస్టుల కుర్చీలండీ అన్నాడు. అప్పుడు నేను మొదలుపెట్టాను. సమానత్వం గురించి, విడివిడిగా పెట్టడంలోనే అవమానం ఉండటం గురించి, రైలు పెట్టెల గురించి, పద్నాలుగో సవరణ గురించి సగం తెలుగులో, సగం ఇంగ్లీషులో చెప్పాను. వడ్డించేవాళ్ళు గరిటెలు ఆపారు. గోడ దగ్గర లైనంతా ఇటు తిరిగింది. ఆయన మొత్తం విని, "మీరు ఏ డిపార్టుమెంటండీ?" అని అడిగాడు. మేడమీద ఆఫీసు అన్నాను.

"సాఫ్ట్‌వేరు వాళ్ళా? ముందే చెప్పకూడదా మేడమ్. మీరు కూర్చోండి, మీకు వడ్డిస్తారు. ఆవిడ మాత్రం లేవాలండీ."

నేను కూర్చోనన్నాను. వాదన గెలిచేదాకా కదలదలుచుకోలేదు. వెనక్కి తిరిగి చూస్తే కుర్చీ ఖాళీగా ఉంది. అమ్మ ఎప్పుడు లేచిందో లేచి గోడ దగ్గరికి వెళ్ళిపోయింది. లైనులో తన చోటు పోయింది కాబట్టి చివర నిలబడింది.

ప్రొడక్షన్ మేనేజరు కో-డైరెక్టరు చెవిలో ఏదో చెప్పాడు. ఆయన అమ్మ వైపు చూశాడు, నా వైపు చూశాడు. కోపంగా చూసినా బాగుండేది. చేయాల్సిన పని చాలా ఉన్న మనిషి గొడవొచ్చే వస్తువును పక్కన పెట్టినట్టు చూశాడు. గోడ పొడుగునా కళ్ళు తిప్పి, దాదాపు అమ్మ వయసే ఉన్న ఇంకొకావిడకు సైగ చేశాడు. ఆవిడ మా సందుకు రెండు సందుల అవతల ఉండేది.

కాస్ట్యూముల వ్యాను వెనక ఇద్దరూ చీరలు మార్చుకున్నారు. ఆకుపచ్చ చీర ఆవిడకు వెళ్ళింది, ఆవిడ చీర అమ్మకు వచ్చింది. ఆవిడ తల దించుకుని ఉంది. అమ్మే ఆవిడ కుచ్చిళ్ళు సర్దింది. సర్దుతూ డైలాగు చెప్పిచ్చింది. చివర 'అండీ' మరిచిపోకు, నేను రెండు రోజులు మరిచిపోయిన అని చెప్పడం నాకు వినబడింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. ఆ సామెత నేను లోగడ చాలామంది మీద వాడాను.

ఆవిడ మూడో టేకులో బాగా చెప్పింది. అమ్మ వెనకాల గుంపులో నిలబడి పెదవులు ఆడించింది.

సాయంత్రం ఇద్దరం కలిసే దిగొచ్చాం. ఇంటికొచ్చి అమ్మ కాళ్ళు కడుక్కుని, పొయ్యి వెలిగించి, అప్పుడంది.

"ఆడోళ్ళు యాభై ఏండ్లు అడిగిన్రంటివి. నన్ను ఒక్కపారన్న అడిగినవా బిడ్డా, కుర్చీ కావాల్నా, మాట కావాల్నా అని?"

అమ్మ గొంతు పెంచలేదు. తిట్టినా తట్టుకునేదాన్నేమో. నాకు ఏడుపొచ్చింది, అమ్మకు రాలేదు. అన్నం ఉడికేదాకా అక్కడే కూర్చుని, ఉడికాక పెట్టింది. తిన్నాను.

పది రోజులకు అమెరికా నుంచి నా ప్రశ్న తిరిగొచ్చింది. పరిశీలించినావిడ రెండు వ్యాఖ్యలు రాసింది. మొదటిది, జవాబు తప్పు. పద్నాలుగో సవరణ ప్రభుత్వాలను కట్టడి చేస్తుంది గానీ సొంత వ్యాపారం చేసుకునేవారిని కాదు, వాళ్ళకోసం చాలా కాలం తర్వాత విడిగా పౌరహక్కుల చట్టం చేయాల్సి వచ్చింది. రెండోది, ఒకే వంట చేసి మనుషుల రంగును బట్టి కుర్చీలు, గోడలు కేటాయించే పనిచోటు ఈ కాలంలో ఉంటుందంటే విద్యార్థులు నమ్మరు, దయచేసి నమ్మదగ్గ ఉదాహరణ ఇవ్వండి. మేనేజరు ఆ కాగితం నా బల్ల మీద పెట్టి, ఒక్క ప్రశ్నే కదా, మార్చేయండి అన్నాడు. మార్చేశాను. అంటే తోటలో నేను అంత గొంతు చించుకుని చెప్పిన చట్టం అక్కడి వాళ్ళకే ఆ పనికి వర్తించదు. తప్పు చట్టం చెప్పి, అడగని మనిషి తరఫున, గెలవని వాదన చేశాను.

సినిమా విడుదలయ్యాక అమ్మే వెళదామంది. నాకు ఇష్టం లేదు, కానీ ఆ పరిస్థితిలో కాదనే హక్కు నాకు ఏ రాజ్యాంగంలోనూ కనబడలేదు. హాలు సగం నిండింది. ఆ సీను వచ్చింది. మా ఆఫీసు మెట్లు, ఆకుపచ్చ చీర. ఆవిడ నోరు తెరిచింది. వచ్చింది ఆవిడ గొంతు కాదు. ఎవరో డబ్బింగు చెప్పే అమ్మాయి గొంతు, సన్నగా, తేటగా. నాకు ప్రాణం లేచొచ్చింది.

"చూసినవా అమ్మా, నువ్వు చెప్పినా నీ గొంతు ఉంచకపోదురు," అన్నాను. ఆ మాట అమ్మ కోసం అన్నానా, నా కోసం అన్నానా అంటే నా కోసమే.

అమ్మ తెర మీంచి కళ్ళు తిప్పలేదు. "మొఖం ఆమెదే గద," అంది.

ఆ తర్వాత నెల తిరక్కుండానే ఒక ఆదివారం పొద్దున మా గుమ్మంలోకి ఒకతను వచ్చాడు. ఏదో సినిమా ఆఫీసు మనిషి, చేతిలో చిన్న పుస్తకం ఉంది. నేను బయట కూర్చుని జుట్టు ఆరబెట్టుకుంటున్నాను. ఆకుపచ్చ చీరలో చేసినావిడ పేరు చెప్పి, ఇల్లు ఇదేనా అని అడిగాడు. వేషం ఉందట, రెండు సీన్లట. నేను నోరు తెరిచేలోపు అమ్మ లోపలినుంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. కాదు బాబూ, రెండు సందుల అవతల, దొరకబట్టుడు కష్టం, నేను చూపెడ్త పా అంది. చెప్పులు వేసుకుని అతని ముందు నడిచింది.